బాగుండామన్న మాట

షావలి ఇంటరు పరీక్షలో ఇంగ్లీషు తప్పాడు. తక్కినవన్నీ గట్టెక్కి, ఆ ఒక్కదాంట్లో బోల్తా కొట్టాడు. గుట్టుగా తప్పి ఉంటే ఎవరికీ బాధ లేకపోయేది. తుమ్మలకుంటలో ఇంటరు దాకా వెళ్ళినవాడు అతనొక్కడే కావడంతో ఆ తప్పడం ఊరందరి సొత్తయి కూర్చుంది. అనంతపురం నుంచి రేకు పెట్టె నెత్తిన పెట్టుకుని అతను ఊళ్ళోకి దిగిన రోజున, ఎదురైన ప్రతివాడూ పరీక్ష పోయిందంట కదప్పా అని అడిగి, చావింటికి వచ్చిన మనిషిలాగా కాసేపు నిలబడి వెళ్ళాడు. ఆ తర్వాత చాలా రోజులు షావలి గడప దాటలేదు.

ఇంకా మద్రాసు సర్కారు మనల్ని ఏలుతున్న రోజులవి. వరసగా మూడో ఏడు కూడా వాన మొహం చాటేసింది. చెరువులో పిల్లలు గోలీలాడుకుంటున్నారు. షావలి నాయన హుస్సేన్ పీరా దూది ఏకి పరుపులు కుట్టే మనిషి. చుట్టుపక్కల కలిగినవాళ్ళంతా ఆయన కుట్టిన పరుపుల మీదే నిద్రపోయేవాళ్ళు. కడుపు కాలుతున్నవాడు పరుపు కుట్టించుకోవడానికి రాడు కదా. దూది ఏకే విల్లు గోడకు తగిలించింది తగిలించినట్టే ఉండి బూజు పట్టింది. ఆయన కంకర కొట్టే కరువు పనికి పోయేవాడు, అదీ దొరికిన రోజున. కొడుకు పరీక్ష తప్పినందుకు పల్లెత్తు మాట అనలేదు. రెండు తిట్లు తిట్టి ఉంటే షావలికి కొంచెం తేలిగ్గా ఉండేది.

సెప్టెంబరులో మళ్ళీ రాయొచ్చని తెలిసి, గోరంట్లలో ఉండే యేసన్న మాస్టారి దగ్గరికి పంపించారు. మిషను బళ్ళో జన్మంతా ఇంగ్లీషు చెప్పి రిటైరైన మనిషి ఆయన. పొద్దు పొడవకముందే బయల్దేరితే ఎండ ముదిరే లోపల నడిచి చేరుకోవచ్చు. ఆయన పుస్తకం తెరవనిచ్చేవాడు కాదు. పుస్తకంలో ఇంగ్లీషు నీకు బాగానే వచ్చు, నోట్లోకి రావడం లేదు, నోట్లోకి వస్తే చేతిలోకి అదే వస్తుంది అనేవాడు. గోరంట్ల దాటి బాట పట్టుకుని ఇద్దరూ నడిచేవాళ్ళు. నడిచినంతసేపూ ఇంగ్లీషే.

దానికి ఆయన ఒక నియమం పెట్టాడు. చెడ్డ మాట నోట రాకూడదు. కష్టం, లేమి, ఏడుపు ఏదైనా సరే, దాన్ని మంచి వైపుకు తిప్పి చెప్పాలి. బావి ఎండిపోయింది అని షావలి మొదలుపెడితే ఆయన చేయెత్తి ఆపేవాడు. షావలి కాసేపు ఆలోచించి, ఈ బావి నిండే రోజు వస్తుంది అని ఇంగ్లీషులో చెప్పాలి. నేను పరీక్ష తప్పాను అనకూడదు, ఈసారి పరీక్ష గెలుస్తాను అనాలి. ఎండ మండిపోతోంది అంటే, ఆకాశం ఎంత నిర్మలంగా ఉంది అనమనేవాడు. నిర్మలమైన ఆకాశం ఆ సీమలో ఎవరికి కావాలో ఆయనకూ తెలుసు. అయినా అనమనేవాడు.

ఆయన వెర్రివాడు కాదు. కలరా వచ్చిన ఏడు భార్యనూ, చేతికి అందొచ్చిన కొడుకునూ ఒకే వారంలో పోగొట్టుకున్న మనిషి. పొద్దున లేవగానే ఒక్క మంచి మాటైనా పైకి అనుకోకపోతే తను మంచం దిగేవాడే కాదని షావలికి ఒకసారి చెప్పాడు. తనను నిలబెట్టిన మందే శిష్యుడికీ పోశాడు. అందులో మోసమేమీ లేదు. మందు పనిచేసింది కూడా. నేల చూపులు చూస్తూ వెళ్ళినవాడు తలెత్తి నడవడం నేర్చాడు. ఇంగ్లీషు గొంతులో అడ్డం పడకుండా వచ్చేస్తోంది. తిరిగి వచ్చేటప్పుడు ఒంటరిగా, ముళ్ళ కంపలకు వినబడేట్టు, ఐ యామ్ స్ట్రాంగ్, ఐ యామ్ హ్యాపీ అని చెప్పుకుంటూ వచ్చేవాడు.

అతని చిక్కంతా ఇంటికి వచ్చాకే.

ఊళ్ళో బడి వసారాలో సర్కారు వాళ్ళు గంజి కేంద్రం తెరిచారు. పొద్దున్నే గంగాళంలో రాగి గంజి కాగేది. ఎవరి గిన్నె వాళ్ళు తెచ్చుకుని వరసలో నిలబడాలి, పోసిన గంజి అక్కడే తాగాలి, ఇంటికి తీసుకుపోకూడదు. ఊరి పెద్ద నల్లప్ప స్వయంగా గరిటె పట్టుకునేవాడు. ఒకప్పుడు పది మందికి పెట్టిన చేతులు కూడా గిన్నె చాపాయి. మొదట్లో తలలు దించుకుని వచ్చారు, తర్వాత అలవాటు పడ్డారు. ముసలి చౌడమ్మ అయితే అందరికంటే ముందు వచ్చి పొయ్యి రాళ్ళ పక్కన కూర్చునేది. ఆమెకు ముందూ వెనకా ఎవరూ లేరు, ఆ గంజి తప్పితే ఇంకో ముద్ద లేదు.

షావలి మాత్రం అటు వెళ్ళలేదు. ఇంటరు చదివినవాడు గిన్నె పట్టుకుని వరసలో నిలబడడమా? ఆ మాట పైకి అనలేదు గానీ, పొద్దున్నే గోరంట్లకు వెళ్ళాలి కదా, కుదరదు అన్నాడు. వాళ్ళమ్మ రంజాన్ బీ ఇంకేమీ అడగలేదు. ఆమె వెళ్ళి వరసలో నిలబడేది. తిరిగి వచ్చేటప్పుడు కొంగు కింద చిన్న ముంత ఉండేది. నల్లప్ప చూసీ చూడనట్టు ఊరుకునేవాడు. షావలి గోరంట్ల నుంచి రాగానే ఆమె తలుపు దగ్గరికి వేసి ఆ ముంత ముందు పెట్టేది. నువ్వు తాగినావా అని అతను అడిగేవాడు. నేను ఆడ్నే కడుపు నిండా తాగొచ్చినాలే అనేది ఆమె. షావలి దాన్ని కూడా మంచి వైపుకు తిప్పుకునేవాడు. నల్లప్ప అమ్మకు రెండు గరిటెలు పోస్తాడు కాబోలు, ఆమె తాగగా మిగిలిందే ఇది అనుకునేవాడు. అలా అనుకుంటే గంజి గొంతు దిగేది.

ఆషాఢం కూడా చినుకు లేకుండా పోయాక ఊళ్ళో ఒక వార్త పుట్టింది. సర్కారు దగ్గర రాగులు తక్కువయ్యాయట. కొన్ని కేంద్రాలు ఎత్తేసి, మరీ అధ్వాన్నంగా ఉన్న ఊళ్ళకు మార్చేస్తారట. ఎక్కడ ఉంచాలో ఎక్కడ తియ్యాలో చూడడానికి మద్రాసు నుంచి ఒక పెద్దాఫీసరు వస్తున్నాడు. ఆయనకు తెలుగు రాదు. పోయినసారి ఇలాగే ఎవరో వచ్చినప్పుడు ఊరివాళ్ళు మొర పెట్టుకున్నదాన్ని రెవిన్యూ ఇన్‌స్పెక్టరు రెండు ముక్కల్లో తేల్చి పారేశాడని అందరికీ కడుపులో మంట. ఈసారి మధ్యలో ఇంకొకడెందుకు, మన పిల్లోడే ఉన్నాడు కదా అన్నాడు నల్లప్ప. ఆయన వచ్చి హుస్సేన్ పీరా అరుగు మీద కూర్చుని షావలిని పిలిచాడు.

"మేము మొత్తుకుంటే ఆ దొరకు గొర్రెలు అరిచినట్టు ఉంటాది. నువ్వు చెప్పల్ల. గంజి తీసేస్తే సగం మంది పిట్టల మాదిరి రాలిపోతారని చెప్పు. ఉండేది ఉన్నట్టు చెప్పు, చాలు."

షావలి సరేనన్నాడు. హుస్సేన్ పీరా ఆ రోజు తన పెళ్ళినాటి కోటు పెట్టెలోంచి తీసి ఎండలో ఆరేశాడు. భుజాల దగ్గర వదులైనా కొడుక్కి అదే తొడిగాడు. పరీక్ష తప్పాడని ఊరంతా అన్న కొడుకు ఊరంతటి తరఫున దొరతో మాట్లాడబోతున్నాడు. ఆ తండ్రి ఆనందం చెప్పనలవి కాదు.

జీపు వచ్చింది. ఆఫీసరు ఎండకు కమిలిపోయిన నడివయసు మనిషి. ఆయన చెడ్డవాడైతే ఈ కథ తొందరగా తెమిలిపోయేది. టోపీ తీసి చేత్తో పట్టుకుని, అందరికీ దండం పెట్టి, బడి వసారాలో నిలబడ్డాడు. గంజి వరస అలాగే ఉంది. షావలి ముందుకు వచ్చి, గుడ్ మార్నింగ్ సార్, వెల్‌కమ్ టు అవర్ విలేజ్ అన్నాడు. ఆఫీసరు మొహం విప్పారింది. ఇంత మారుమూల ఇంత చక్కటి ఇంగ్లీషు ఎక్కడ నేర్చావని అడిగాడు. తుమ్మలకుంటవాళ్ళకు ఒక్క ముక్క అర్థం కాకపోయినా, దొర నవ్వడం అర్థమైంది. వరసలో జనం ఒకరినొకరు మోచేత్తో పొడుచుకున్నారు.

అప్పుడు ఆఫీసరు, ఊరు ఎలా ఉంది, ఉన్నదున్నట్టు చెప్పు అని అడిగాడు. షావలి నోరు తెరిచాడు. గోరంట్ల బాట మీద నెలల తరబడి తిరిగిన మాటలు వాటంతటవే వరసకట్టి వచ్చాయి. మా ఊరివాళ్ళు ధైర్యం గలవాళ్ళు సార్ అన్నాడు. కష్టాన్ని చూసి భయపడరు అన్నాడు. వానలు తప్పకుండా వస్తాయి, చెరువు నిండే రోజు దగ్గర్లోనే ఉంది అన్నాడు. ఒక్కో వాక్యానికీ ఆఫీసరు తలూపుతున్నాడు. ఆ తలూపుకు మరో వాక్యం వచ్చేది. పరీక్ష తప్పిన నాటినుంచి అతనికి అంత గౌరవంగా ఎవరూ తలూపలేదు.

అయితే గంజి లేకుండా మీరు నెట్టుకు రాగలరా అని ఆఫీసరు అడిగాడు. పక్కన దొడ్డిపల్లెలో పరిస్థితి ఘోరంగా ఉందని వింటున్నాను, అందుకే అడుగుతున్నాను అన్నాడు. అక్కడ షావలి ఒక్క క్షణం ఆగాడు. ఆగిన మాట నిజం. ఆఫీసరు ఇంకో ప్రశ్న కూడా వేశాడు. మీ ఇంటివాళ్ళు కూడా ఈ వరసలోకి వస్తారా అన్నాడు.

రంజాన్ బీ వరస మధ్యలో సత్తు గిన్నె పట్టుకుని నిలబడి ఉంది. కొడుకు వైపే చూస్తోంది. ఆమె కొంగు కింద ముంత ఎత్తుగా కనబడుతూనే ఉంది. షావలి ఆమె మీదనుంచి చూపు తిప్పుకున్నాడు.

"నో సార్. వి ఆర్ వెరీ వెల్ సార్" అన్నాడు. మేము మా కాళ్ళ మీద నిలబడతాము అని కూడా చేర్చాడు.

ఆఫీసరు అతనితో చేయి కలిపాడు. దేశానికి నీలాంటి యువకులు కావాలన్నాడు. జీపు దుమ్ము అణగకముందే జనం షావలిని చుట్టేశారు. ఏమప్పా, దండిగా మాట్లాడినావు అని నల్లప్ప భుజం తట్టాడు. చౌడమ్మ లేచి వచ్చి గడ్డం పట్టుకుని వేళ్ళు ముద్దు పెట్టుకుంది. దొరకు అంతా చెప్పినావా నాయనా అని అడిగింది. అంతా చెప్పినా అవ్వా అన్నాడు షావలి. తెలుగులో చెప్పిన ఆ అబద్ధం ఒక్కటే అతనికి అబద్ధంగా తెలిసింది. దొరతో అన్నవి ఇంకా మంచి మాటలలాగే అనిపిస్తున్నాయి.

రెండో వారంలో బండి వచ్చింది. గంగాళాన్నీ, గరిటెలనూ, మిగిలిన రాగి మూటలనూ ఎక్కించుకుని దొడ్డిపల్లెకు తోలుకుపోయారు. తుమ్మలకుంట తన కాళ్ళ మీద నిలబడగల ఊరని దొరవారు రాశారట. రెవిన్యూ ఇన్‌స్పెక్టరు ఆ మాట చదివి వినిపించి వెళ్ళాడు. ఊళ్ళో ఎవరూ షావలిని అనుమానించలేదు. అనుమానించి ఉంటే బాగుండేది. పాపం మన పిల్లోడు అంత చక్కగా చెప్పినా ఆ దొర గుండె కరగలేదు, లోపల ఎవడో పుల్ల పెట్టినాడు అనుకున్నారు. హుస్సేన్ పీరా కొడుకును ఓదార్చాడు. నీ తప్పేముండాది, నువ్వు చెయ్యాల్సింది చేసినావు అన్నాడు. షావలికి భూమి చీలితే అందులోకి దిగిపోదామనిపించింది.

కాళ్ళల్లో సత్తువ ఉన్నవాళ్ళు దొడ్డిపల్లెకు నడిచి గంజి తాగి వచ్చేవాళ్ళు. రంజాన్ బీ కూడా వెళ్ళేది. ఎండన పడి వచ్చేసరికి ముంతలో గంజి పులిసిపోయేది. ఆమె అందులో కొంచెం చౌడమ్మకు పోసి, తక్కింది షావలి ముందు పెట్టేది. చౌడమ్మ అంత దూరం నడవలేదు. అలవాటు కొద్దీ పొద్దున్నే వెళ్ళి బడి ముందర చల్లారిన పొయ్యి రాళ్ళ పక్కన కూర్చునేది. ఒకరోజు గోరంట్లకు వెళ్తున్న షావలిని ఆపింది.

"ఇంగొక తూరి ఆ దొరతో మాట్లాడప్పా. నీ మాటంటే ఆయనకు ఇష్టంగా ఉండె. నేను చూస్తి కదా."

ఆ రోజు యేసన్న మాస్టారు ఇంగ్లీషులో కుశలం అడిగితే షావలి బాట పక్కన రాయి మీద కూర్చుండిపోయి, జరిగిందంతా తెలుగులోనే కక్కేశాడు. మంచి మాటలే చెప్పాను సార్, మీరు నేర్పినవే అన్నాడు. అన్నాక ఆ నేరం ఆయన మీదికి తోస్తున్నానని తెలిసి మరీ సిగ్గుపడ్డాడు. మాస్టారి మొహం కూడా వాడిపోయింది.

"నేను ఆ మాటలు నన్ను లేపుకునేదానికి చెప్పుకుంటినప్పా," అన్నాడు. "అడిగినోనికి జవాబు చెప్పేదానికి కాదు. ఆ తేడా నీకు చెప్పకపోవడం నా తప్పు. సరే, ఈ పొద్దు నియమం లేదు. మీ ఇంట్లో ఉండేది ఉన్నట్టు ఇంగ్లీషులో చెప్పు."

షావలి మొదలుపెట్టబోయాడు. మా అమ్మ ఆకలితో ఉంది. అంతే చెప్పాలి. చిన్న తరగతి పిల్లవాడికి వచ్చే మాటలవి. తెరిచిన నోరు తెరిచినట్టే ఉండిపోయింది. ఇంగ్లీషు రాక కాదని అతనికి అప్పుడు తెలిసింది. ఆ రోజు వసారాలో ఆగిన క్షణంలో కూడా మాటలు లేక ఆగలేదు. తన తల్లి గిన్నె పట్టుకున్న సంగతి కోటు తొడుక్కుని ఇంగ్లీషు మాట్లాడే నోటితో చెప్పలేకపోయాడు. మంచి ఆలోచన, ధైర్యం, ఆశ, వీటన్నిటి కింద దాక్కున్నది ఒట్టి సిగ్గు. ఎదురుగా మాస్టారు నడవకుండా నిలబడి, ఎండలోనే కాచుకున్నాడు. ఎంతోసేపటికి షావలి ఆ మాట అనగలిగాడు. అన్న తర్వాత ఏడ్చాడు.

ఆఫీసరు మద్రాసుకు తిరిగి పోయే ముందు దొడ్డిపల్లె కేంద్రం చూడడానికి వస్తాడని తెలిసింది. నల్లప్ప మళ్ళీ నడుం కట్టాడు. నడవగలిగినవాళ్ళంతా కూడి, షావలిని ముందు పెట్టుకుని బయల్దేరారు. హుస్సేన్ పీరా కోటు ఇవ్వబోతే షావలి వద్దన్నాడు. ఇంట్లోంచి వస్తూ వస్తూ అలమర మీది సత్తు గిన్నె ఒకటి చేతిలోకి తీసుకున్నాడు. నాయన దాన్ని చూసి, ఎందుకని అడగబోయి మానుకున్నాడు.

దొడ్డిపల్లెలో వరస పొడుగ్గా ఉంది. జీపు వచ్చే వేళకు షావలి తల్లి వెనకాల నిలబడి ఉన్నాడు. ఈడెందుకప్పా, ముందుకు పోయి మాట్లాడు అని నల్లప్ప చేయి పట్టి లాగాడు. ఈణ్ణుంచే మాట్లాడతా అన్నాడు షావలి. ఆఫీసరు అతన్ని గుర్తుపట్టి తనే దగ్గరికి వచ్చాడు. ఓ, ఆశావాది, ఇక్కడ సేవ చేయడానికి వచ్చావా అని ఇంగ్లీషులో నవ్వుతూ అడిగాడు.

"నో సార్," అన్నాడు షావలి. గిన్నె ముందుకు చాపాడు. "ఐ యామ్ హంగ్రీ."

ఆ ఒక్క ముక్కతో ఆఫీసరు నవ్వు ఆగిపోయింది. షావలి ఆగలేదు. ఆ రోజు నేను చెప్పింది నిజం కాదు సార్, మా అమ్మ ఆ రోజు కూడా వరసలోనే ఉంది, చెప్పడానికి సిగ్గుపడ్డాను అన్నాడు. చౌడమ్మ సంగతి చెప్పాడు. ఈసారి ఇంగ్లీషు తడబడింది, మాట మధ్యలో తెగింది, మళ్ళీ వెతుక్కుని అతికించాడు. ఆఫీసరు చాలాసేపు అతని మొహంలోకి చూశాడు. ఒకసారి ఒకమాట, ఇంకోసారి ఇంకోమాట చెప్పేవాణ్ణి ఎలా నమ్మాలి అన్నట్టుంది ఆ చూపు. రెవిన్యూ ఇన్‌స్పెక్టరును పిలిచి, ఇతని తల్లి ఎవరో ఆమెనే అడగమన్నాడు.

ఇన్‌స్పెక్టరు రంజాన్ బీ వైపు తిరిగి, ఏమ్మా, బాగుండారా మీరంతా అని అడిగాడు. ఆమెకు కొడుకు ఏం మాట్లాడాడో తెలియదు. అతని కళ్ళల్లో నీళ్ళు చూసింది, దొర మొహంలో చిరాకు చూసింది. కొడుక్కి ఏదో మాట పడబోతోందని మాత్రం అర్థమైంది. ఆ సీమలో పొరుగూరి మనిషి బాగుండారా అని అడిగితే, ఇంట్లో పొయ్యి వెలగకపోయినా అందరూ చెప్పే జవాబు ఒకటే ఉంది. ఆమె కొంగు సర్దుకుంది.

"బాగుండాము సామీ. మాకేం తక్కువ" అంది.

ఆ మాట తను ఎక్కడ నేర్చుకున్నాడో, మాస్టారి కంటే ముందు ఎవరి దగ్గర నేర్చుకున్నాడో షావలికి తెలిసివచ్చింది. ఆమె తనకోసం ఆ మాట అంది. తను ఆ మాట తనకోసమే అన్నాడు. అతను ఇంక ఇంగ్లీషు వదిలేశాడు. అందరికీ వినబడేట్టు తెలుగులో అన్నాడు.

"బాగలేమని చెప్పమ్మా. ఆ పొద్దు బాగుండామని చెప్పింది నేనే. గంజి వద్దని చెప్పింది నేనే. మా ఇంట్లో ఎవరూ గంజి తాగరని కూడా చెప్తి. నువ్వు వరసలో ఉంటివని నాకు నామోషీ అయ్యె."

గంగాళం కింద చిదుగులు చిటపటలాడడం వినబడింది. నల్లప్ప చేయి షావలి మోచేతి మీదనుంచి మెల్లగా జారిపోయింది. ఒకరైనా తిడతారని షావలి ఎదురుచూశాడు. ఎవరూ తిట్టలేదు. రంజాన్ బీ కొడుకు వైపు చూసి, చేతిలో గిన్నె వైపు చూసుకుని, ఇన్‌స్పెక్టరుతో మెల్లగా, అయితే వాడు చెప్పిందే నిజం సామీ అంది. కొంగు కిందనుంచి ముంత తీసి బయట పెట్టింది. ఇది వానికోసరం అంది. అనువాదం అక్కరలేకుండానే ఆఫీసరుకు ఆ ముంత అర్థమైంది.

తుమ్మలకుంటకు గంగాళం తిరిగి వచ్చింది. ముందంత పెద్దది కాదు, గంజి కూడా పలచన. అయినా వచ్చింది. ఆ మధ్య రోజుల్లో చౌడమ్మ బాగా చిక్కిపోయింది, పొయ్యి రాళ్ళ దగ్గరికి ఎవరో ఒకరు పట్టుకుని నడిపించాల్సి వచ్చేది. షావలి పట్టుకోబోతే ఆమె వద్దనలేదు. కానీ గడ్డం పట్టుకుని ముద్దు పెట్టుకోనూ లేదు.

కేంద్రం తెరిచిన మొదటి రోజున షావలి గోరంట్లకు వెళ్ళలేదు. గిన్నె పట్టుకుని తల్లి వెనకాల నిలబడ్డాడు. జనం జరిగి చోటిచ్చారు, పలకరించలేదు. నల్లప్ప అందరికీ పోసినట్టే అతనికీ ఒక గరిటె పోశాడు. పోసేటప్పుడు అతని మొహం చూడలేదు. రంజాన్ బీకి కూడా ఒకటే గరిటె పోశాడు. రెండు గరిటెలు ఎప్పుడూ లేవు. షావలి అది కళ్ళారా చూడవలసి వచ్చింది.

ఇద్దరూ వసారా అంచున కూర్చున్నారు. రంజాన్ బీ గిన్నె ఎత్తి తాగసాగింది. సగానికి వచ్చాక ఠక్కున ఆగింది. ఆమె చేయి తనకు తెలియకుండానే కొంగు కిందికి పోయి ముంత కోసం తడిమింది. ముంత లేదు. పక్కన కొడుకు తన గిన్నెతో కూర్చుని ఉన్నాడు. ఆమె ఒక్క క్షణం ఏం చేయాలో తోచనట్టు చూసి, మళ్ళీ గిన్నె ఎత్తి, మిగతా సగం కూడా గటగటా తాగేసింది. ఆ తర్వాత వేలితో గిన్నె అడుగంతా తుడిచి నాకింది. తల్లికి అంత ఆకలి ఉంటుందని షావలి అంతకుముందు ఎన్నడూ అనుకోలేదు. అతని గిన్నెలో గంజి అలాగే ఉండిపోయి చల్లారిపోయింది.